ఉంగరాల కొండచిలువ

కొండచిలువ అనగానే అందరూ మేకని మింగేదాన్ని ఊహించుకుంటారు. నాది అది కాదు. పాపువా న్యూ గినీ పక్కన బిస్మార్క్ దీవుల్లో మాత్రమే పుట్టే రకం. ఎంత పెరిగినా మనిషి ఎత్తు దాటదు. పిల్లగా ఉన్నప్పుడు ఒళ్ళంతా నారింజ, నలుపు ఉంగరాలు తొడిగినట్టుండేది. ఎండ పడితే దాని వీపు మీద, వాన నీళ్ళలో పెట్రోలు ఒలికినట్టు రంగులు తేలేవి. పాములు పెంచేవాళ్ళలో కూడా చాలామంది ఈ రకాన్ని చూసి ఉండరని చెప్పాడు, నాకిచ్చిన మలేషియా కొలీగ్. అతనికి ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చింది. టీమ్ మొత్తంలో దాన్ని చూసి కేకలు పెట్టనిదాన్ని నేనొక్కదాన్నేనని నాకు అంటగట్టి వెళ్ళిపోయాడు.

కంప్యూటర్లకి రెండు వేల సంవత్సరం గండం పట్టుకుందని కంపెనీలు మనవాళ్ళని విమానాల్లో దింపుకుంటున్న రోజులవి. మా ఆయనా నేనూ ఇద్దరం ప్రోగ్రామర్లమే. జురాంగ్ ఈస్ట్‌లో అద్దె ఫ్లాట్. సింగపూర్‌లో పాముల్ని ఇంట్లో పెంచడం నేరం. చూయింగ్ గమ్‌ని కూడా నిషేధించిన ఊళ్ళో నేను ఏకంగా కొండచిలువని పెట్టుకున్నాను. మొండిదాన్నని మా అమ్మ ఊరికే అనలేదు. మా ఆయన మొదట్లో వణికిపోయాడు. తర్వాత "నీ ఇష్టం, నా గదిలోకి మాత్రం రానీకు" అన్నాడు. ఉన్నదే ఒక్క పడకగది, అందులో మీ గది ఎటువైపండీ అని అడిగాను.

హాల్లో మూలన గాజు పెట్టె. అందులో మెత్తటి కొబ్బరిపొట్టు. అది పగలంతా పొట్టులో దూరి, ముక్కు ఒక్కటే బయట పెట్టుకుని పడుకునేది. దాని తిండి, చిన్న చిన్న ఎలుక పిల్లలు, ఫ్రీజర్లో ఐస్‌క్రీమ్ డబ్బాలో ఉండేవి. మా ఇంటికొచ్చినవాళ్ళు ఆ డబ్బా మూత తీయకుండా చూసుకోవడం నాకు పెద్ద పని. ఎలుకని వేడినీళ్ళలో కాసేపు ఉంచి పట్టకారుతో అందిస్తే లటుక్కున పట్టుకునేది. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడేవి. అప్పుడు దానికి చూపు ఆనదు, చిరాకుగా ఉంటుంది. నేను నీళ్ళు చిలకరించి, టీవీ కూడా పెట్టనిచ్చేదాన్ని కాదు. ఆఫీసు నుంచి రాగానే చేయి పెడితే మణికట్టు చుట్టూ చల్లగా చుట్టుకునేది. ఆ ఊళ్ళో నన్ను ఏ ప్రశ్నా అడగని ప్రాణి అదొక్కటే.

మిగతా అందరూ ఒక్కటే ప్రశ్న అడిగేవారు. విశేషమేమైనా ఉందా? పెళ్ళయి చాలా ఏళ్ళయింది, లేదు. డాక్టర్ ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పేసింది. నాలో ఏ లోపమూ లేదు. ఆయనకి పిల్లలు కలిగే అవకాశం దాదాపు లేదు. తిరిగి వస్తూ టాక్సీలో ఆయన నా చేయి పట్టుకుని, ఎవరికీ చెప్పకు అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నా గుండె నీరైపోయింది. లోపం నాదేనని అందరికీ చెప్పాను. మా అమ్మకి కూడా అదే చెప్పాను. ఫోన్లో అమ్మ ఏడుస్తుంటే ఊరుకోబెట్టాను. అప్పుడు నాకది బరువనిపించలేదు, ప్రేమ అనిపించింది.

పాము సంగతి నేను చెప్పింది, యూ టీ అనే పేటలో ఉండే ఒక తెలుగావిడకే; యూ టీ అక్క అనేదాన్ని. ఆ ఊరొచ్చి చాలాకాలమై, మాటల్లో మలయ్ ముక్కలు కలిసిపోయిన మనిషి. తలుపు తీయగానే "మకాన్ అయిందా అమ్మాయ్?" అని భోజనం సంగతి అడుగుతూ గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టేది. పాముని చూపిస్తే, పెట్టె ముందు నిలబడి చేతులు జోడించింది. నాగుల చవితి ముందు వచ్చి, "గుడిలో రాతి నాగుల దగ్గర తోపులాట. మీ ఇంట్లో సాక్షాత్తూ స్వామే ఉన్నాడు. నేనొక్కదాన్నే వచ్చి దండం పెట్టుకుపోతా" అంది.

"అక్కా, అది నాగుపాము కాదు. పడగ లేదు, పాలు తాగదు."

"నాకు తెలీదా అమ్మాయ్? గిన్నె ఎదురుగా పెడతాను, అంతే."

ఒక్కతే వస్తానన్నది పట్టుచీరల్లో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. పాలు, కోడిగుడ్లు, చిమ్మిలి. పసుపు చల్లబోతే చేయి పట్టుకుని ఆపాను. నాకు మండిపోయింది, కానీ పండగపూట ఇంటికొచ్చిన ఆడవాళ్ళని ఏమనను? పూజయ్యాక వాళ్ళలో పెద్దావిడ గాజు పెట్టెని చూసి నిట్టూర్చింది. "నాగుల్ని బంధించిన ఇంట్లో కడుపు పండుతుందా? సర్పదోషం తల్లీ ఇది." అందరూ నావైపు జాలిగా చూశారు.

నేను మా ఆయన వైపు చూశాను. కాఫీ ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలో ఉన్నాడు. నిజం చెప్పమని కాదు. అవన్నీ నమ్మకండి ఆంటీ అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం చూశాను.

"నేనూ చెబుతూనే ఉన్నానండీ, వింటేగా" అన్నాడు.

ఆ తర్వాతి వారం ఆఫీసు నుంచి వచ్చేసరికి గాజు పెట్టె ఖాళీ. మూతకి పసుపు, కుంకుమ బొట్లు. వంటింట్లో అక్క పరమాన్నం కలుపుతోంది. "విడిపించేశాం అమ్మాయ్! పాసిర్ రిస్ దగ్గర మడ అడవిలో వదిలాం. మీ ఆయనే మోసుకొచ్చాడు, పాపం ఎంత భయపడ్డాడో" అంది మురిపెంగా.

మర్నాడు సెలవు పెట్టి, రైల్లో ఊరి ఆ చివరికి వెళ్ళాను. చెట్ల వేర్ల మధ్య, బురదలో, వంతెన కింద వెతికాను. పట్టకారుతో అందిస్తే తప్ప తినడం తెలియని ప్రాణి అది. ఏం పోగొట్టుకున్నారని ఒకతను అడిగితే చెవి కమ్మ అన్నాను. పాము అని ఎలా చెప్పను? పోలీసులకీ చెప్పుకోలేను, మా అమ్మకీ చెప్పుకోలేను. బెంచీ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను. "దోషం ఎక్కడుందో మీకు తెలుసు కదా?"

సాక్సులు విప్పుకుంటూ నెమ్మదిగానే జవాబిచ్చాడు. "తెలుసు. వాళ్ళు పాము వల్లే అనుకుంటున్నారు, అనుకోనీ. నీకూ మాటలు పడటం తప్పుతుంది. పాముదేముంది, కావాలంటే ఇంకోటి తెచ్చుకో."

నాకేదో మేలు చేశాననుకుంటున్నాడు. కోపం కన్నా ముందు నాకు అసహ్యం వేసింది. ఆయన కోసం నేను గొడ్రాలిననిపించుకున్నాను. నా కోసం ఆయన నలుగురి ముందు ఒక్క మాట అనలేకపోయాడు సరికదా, నా పాముని చేతులారా తీసుకెళ్ళి పారేశాడు. పామంటే అంత భయం ఉన్న మనిషికి, దాన్ని పట్టుకోవడానికి ఆ రోజు ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. లోపం తనదేమోనన్న అనుమానం ఎవరికీ రాకూడదని.

కొన్ని నెలలకి అక్క భోజనానికి పిలిచింది. పూజకొచ్చిన ఆడవాళ్ళూ వాళ్ళ భర్తలూ అందరూ ఉన్నారు. సాంబారు వడ్డిస్తూ అక్క నా భుజం మీద చేయి వేసింది. "స్వామిని వదిలి ఇన్ని నెలలైంది. విశేషమేమైనా ఉందా అమ్మాయ్?"

మా ఆయన అలవాటుగా కంచంలోకి చూశాడు. నేను తల దించుకుని, ఇంకా లేదక్కా, నా ఖర్మ అనాలి. అన్నేళ్ళుగా మా ఇద్దరి మధ్యా జరుగుతున్నది అదే.

"ఆయన్నే అడగండక్కా" అన్నాను.

అక్క ఆయన వైపు తిరిగింది. మిగతావాళ్ళూ తిరిగారు. నేను పెరుగు వేసుకుని, ఏం చెబుతాడో వినడానికి కూర్చున్నాను.