గాలమ్మ గులాబీ మడి

వాతావరణ కేంద్రంలో అందరూ ఆమెను గాలమ్మ అనే పిలుస్తారు. పంతొమ్మిదేళ్లుగా ఆమె కొలిచేది గాలినే మరి. మట్టిలోంచి రేడాన్ అనే వాయువు తనంతట తానే పుట్టి పైకొస్తుంది. కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. కేంద్రం పెరట్లోని నడుమెత్తు గొట్టం ఆ గాలిని పీల్చి, కొలిచే పెట్టెకు పంపుతుంది. రోజూ పొద్దున్నే పెట్టె చూపే అంకె గాలమ్మ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ వాయువు ఎంత ఎత్తుకు లేస్తుందో, ఎటు కొట్టుకుపోతుందో పెద్దాఫీసు కంప్యూటరు లెక్క కడుతుంది.

ఓ సోమవారం ఆ లెక్కలు కట్టే మేడమే దిగింది.

"అక్కా, మూడేళ్లుగా మీ అంకెలు మా లెక్కలో సగమే వస్తున్నాయి. పెట్టె చూస్తే బాగానే ఉంది. ఏవి నమ్మాలో తెలియక మీ పుస్తకాలన్నీ తీసేద్దామంటున్నారు."

గాలమ్మ పుస్తకాల బీరువా తెరిచింది. జ్వరమొచ్చినా ఒక్క పొద్దు తప్పించలేదు తను.

"ఎప్పట్నుంచి తేడా?"

మేడం తేదీ చెప్పింది. గాలమ్మ ఆ పేజీ తీసింది. అంచున తన చేతిరాతే: 'పెరడంతా గులాబీలు నాటాను. పైపుతో తడిపాను.'

తడి మట్టి రేడాన్‌ను బయటికి రానివ్వదు. కొత్తవాళ్లకి ఆ పాఠం చెప్పేది తనే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది. ఆ గులాబీ అంట్లేమో అత్తగారు పోయేముందు చేతిలో పెట్టినవి. పేజీ తిప్పేస్తే ఎవరికీ తెలియదు. కానీ అలా చేస్తే ఆ అంకెలకు ఇంకెవరు దిక్కు?

"తప్పు పెట్టెది కాదమ్మా, నాది," అని ఆ పేజీతో పాటు పాత పుస్తకాలన్నీ ఆమె ముందుకు తోసింది.

మేడం అంచులు చదువుతూ కూర్చుండిపోయింది. నీళ్లు పోసిన రోజు, వాన పడ్డ రోజు, మట్టిలో వేలు గుచ్చి చూసిన తడి, పంతొమ్మిదేళ్లవీ ఉన్నాయి.

"అక్కా, వానపడితే మా లెక్క అన్నిచోట్లా తప్పుతోంది. మట్టి తడి రాసిపెట్టింది మీరొక్కరే. ఇవి తీసేయడమేంటి, వీటితోనే లెక్క సరిచేస్తాం."

గాలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ వారమే మొక్కలన్నీ వేర్లతో సహా ఇంటికి చేర్చింది. పెరడు ఎండింది, అంకె పెరిగింది. ఇరవయ్యో రోజుకి కంప్యూటరు లెక్క, పెట్టె అంకె రెండూ ఒకే మాట చెప్పాయి.

ఆ పొద్దున పుస్తకం అంచున రాసుకుంది: 'మట్టి పొడి. నీళ్లు ఇంటి దగ్గర పోశాను. ఒక మొగ్గ వచ్చింది.'