ఏమీ చెయ్యక్కర్లేదు

కరోనాకు ముందు సంవత్సరం. మచిలీపట్నంలో మా డెంటల్ క్లినిక్‌కి పెడన నుంచి నాగమణి గారు భర్తతో వచ్చారు. ఆవిడ నడివయసు మనిషి, మగ్గం నేస్తారు. దవడ పన్ను పుచ్చిందంటే ఫిల్లింగ్ చేశాను. దానికోసం నోరంతటికీ తీసిన ఎక్స్‌రేలో, కింది ముందు పళ్లు నాలుగింటి వేర్ల కింద నల్లటి మచ్చలు కనిపించాయి.

అలాంటి మచ్చ చూడగానే చీము అనుకోవడం మా డెంటిస్టులకి అలవాటు. నేను పల్ప్ టెస్ట్ చేశాను. అంటే పన్ను బతికుందో లేదో చూడడం; చల్లటి దూది ఆనిస్తే చాలు. చీము పట్టిన పన్నయితే ఉలకదు, పలకదు. ఇవి నాలుగూ జివ్వుమన్నాయి. అయితే ఇది సిమెంటో-ఆసియస్ డిస్‌ప్లేజియా. వేరు కొసన ఎముక తన తీరు మార్చుకుంటుంది, అంతే. అరుదైనదే గానీ క్యాన్సర్ కాదు. ముక్క తీసి బయాప్సీకి పంపాల్సిన పని కూడా లేదు. అనవసరంగా పళ్లు పీకితేనే ఆ పుండు ఒక పట్టాన మానకపోవచ్చు.

పుస్తకంలో చదివింది కళ్లెదుట కనబడితే మాకదో పండగ. సంతోషంగా ఇద్దరికీ అంతా వివరించి, "దీనికి ఏమీ చెయ్యక్కర్లేదండీ. ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకోండి, చాలు" అన్నాను. ఆయన తలూపారు. ఒక్క ప్రశ్న అడగలేదు.

కొన్నాళ్లకి ఆవిడొక్కరే వచ్చారు, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని. చెంగు తీస్తే ఆ నాలుగు పళ్లూ లేవు. పీకిన చోట ఎముక బయటపడి ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. ఎందుకు పీకించారని కాస్త గట్టిగానే అడిగాను.

"మా మావగారికి జబ్బు ముదిరినప్పుడు పెద్దాసుపత్రిలో ఇదే మాటన్నారండి. ఇంకేం చెయ్యక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. ఆ వారమే పోయారు. మీరూ అదే మాటనేసరికి మా ఆయన బస్సులోనే ఏడ్చేశారండి. పళ్లు తీయిస్తేనన్నా బతుకుతానేమోనని ఇంకో చోటికి తీసుకెళ్లారు."

అక్కడి డాక్టరు చీమేననుకుని పీకేశాడట. కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించను? పెళ్లాం పోతుందేమోనని భయపడిన మనిషి మీదా?

పుండు మానడానికి చాలా కాలం పట్టింది. తర్వాత కట్టుడు పళ్లు పెట్టాను. మగ్గం మీద తెగిన పోగు ముడేసి, కొస పంటితో తుంచడం ఆవిడకి చిన్ననాటి అలవాటు. ఈ పళ్లతో కుదరక కత్తెర పక్కన పెట్టుకుంటున్నానని చెప్పి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

జబ్బు పేరు తేలితే డయాగ్నసిస్ అయిపోయిందనుకునేదాన్ని. వచ్చినవాళ్లు ఇంటికి ఏ మాట పట్టుకెళ్తున్నారో తెలిసేదాకా అవదు. ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే, "ఈ పళ్లు మీతోపాటే ముసలివవుతాయి, మనవళ్ల పెళ్లిళ్లలో జంతికలు నమలండి" అంటాను. నవ్వుకుంటూ వెళ్తారు. ఆ మాటే నాగమణి గారికి చెబుదామంటే, ఆ పళ్లు లేవు.