మా కుందేలు కొత్తిమీర కొరికిన దినం

సుల్తాన్‌పూర్ల సిరంజీలు ప్యాక్ చేసే కంపెనీల నా పక్కన పనిచేసే ఆమె ఇల్లు మారింది. కొత్త ఓనరు జంతువులు వద్దన్నడట. మూడు నెలల కుందేలు పిల్లను అట్టపెట్టెల పెట్టి నా చేతికిచ్చింది. కంపెనీ బస్సుల ఒళ్ళె పెట్టుకొని పటాన్‌చెరుకు తెచ్చిన. ఇంట్ల నేను, మా ఆయన, మా అత్తమ్మ. అత్తమ్మ పెట్టెలకు తొంగి చూసి, "బర్రెలను సాకిన గని, దీన్ని ఎట్ల సాకుతరో నాకు ఎర్క లేదు బిడ్డా" అన్నది.

అది అప్పటిదాక ఎండుగడ్డి, దాణా తప్ప ఏం తినలేదు. నాకు పాపమనిపించింది. ఆదివారం మార్కెట్‌కు పోయి క్యారెట్, క్యాబేజీ, పాలకూర, ద్రాక్షపండ్లు తెచ్చి అన్నీ ఒక్క పళ్ళెంల పెట్టిన. గబగబ తిన్నది. మస్తు మురిసిపోయిన.

తెల్లారి చూస్తే విరేచనాలై, మూలకు ముడుచుకొని కూసుంది. గడ్డి గూడ ముడుతలేదు. డ్యూటీకి పోకుండ పశువుల దవాఖానకు ఉరికిన. డాక్టరమ్మ మందు పోసి, నన్ను కూసోబెట్టి చెప్పింది.

"దీని కడుపుకు ఇవన్నీ కొత్త. ఒక్కసారే అన్నీ పెడితే ఎట్ల తట్టుకుంటది? మంచిగయ్యేదాక ఎండుగడ్డి, నీళ్ళే. అటెన్క ఒక్కటే తీరు ఆకు, ఒక్కటే రెబ్బ. మూడు నాలుగు దినాలు చూసి ఇంకోటి. పండు అన్నిటికన్న ఆఖరికి, గోరంత ముక్క."

రెండు దినాలకు గడ్డి ముట్టింది. ఇంకో వారం ఆగి, ఒక కొత్తిమీర రెబ్బ మంచిగ కడిగి ముందల పెట్టిన. వాసన చూసి ఎన్కకు తిరిగింది. తెల్లారి మళ్ళ అంతే. మూడో దినం గూడ రెబ్బ వాడిపోయింది. నా తొందర వల్ల దానికి ఆకు మీద భయం పట్టిందని లోపల గుబులైంది.

నాలుగో దినం సెలవు. నేను అన్నం వండుతున్న. అత్తమ్మ మోకాళ్ళు పట్టుకుంట నేల మీద కూసుంది. కొత్తిమీర రెబ్బ ఒకటి తీసుకొని తన నోట్లె పెట్టుకొని, మెల్లగ నమిలింది.

"ఏం చేస్తున్నవ్ అత్తమ్మా?"

"లొల్లి చెయ్యకు. తోడు లేంది తింటలేదు ఇది."

ఇంకో రెబ్బ చేతుల పట్టుకొని కదలకుండ కూసుంది. కుక్కరు మూడు విజిళ్ళేసింది. కుందేలు ఒక అడుగు ముందటికి, రెండడుగులు ఎన్కకు. ఆఖరికి అత్తమ్మ మోకాలి కాడికొచ్చి, మీసాలు ఆడించి, ఆకు కొసను కొరికింది. కాడ మొత్తం లోపలికి పోయిందాక నేను ఊపిరి పీల్చలేదు. అత్తమ్మ నా దిక్కు చూసి, "తిన్నది" అన్నది, అంతే. ఆమె మొకం మాత్రం వెలిగిపోయింది.

అప్పటి సంది పొద్దుగాల లేవంగనే అత్తమ్మ కుందేలు పెంటికలు చూసుడు షురూ చేసింది. "బటానీల్లెక్క గట్టిగున్నయి. ఇయ్యాల పుదీన పెట్టొచ్చు" అనేది. ఆమె ఒప్పుకోంది నేను కొత్తది ఏదీ పెట్టలేదు. పుదీన ఇష్టంగ తిన్నది. ముల్లంగి ఆకు గూడ ఒంటికి పట్టింది. క్యాబేజీ జెరంత పెట్టి చూస్తే పెంటికలు మెత్తబడ్డయి, ఇగ దాని జోలికి పోలేదు. మా ఆయన ముద్దుకొచ్చి అరటిపండు పెట్టబోతే అత్తమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. "దాని వంతు రాలేదు ఇంక" అన్నది.

రెండు నెలలకు ఆపిల్ వంతొచ్చింది. గింజలు తీసేసి, గోరంత ముక్క అత్తమ్మ చేతికే ఇచ్చిన. కుందేలు తిని, ఒక్క క్షణం ఆగి, గాల్లోకి ఎగిరి నడుము తిప్పి దిగింది. ఇల్లంత రెండు చుట్లు ఉరికింది. మేము ముగ్గురం నవ్వుకుంట గోడకానుకొని నిలబడ్డం.

ఆ వారమే దవాఖానకు తీస్కపోయినం. డాక్టరమ్మ కడుపు ఒత్తి చూసి, నోరు తెరిపించి పండ్లు చూసి, తూకమేసి, "మంచిగ పెరిగింది. ఎవరు చూసుకుంటున్రు?" అన్నది.

నేను నోరు తెరిచేలోపల అత్తమ్మ కొంగు సదురుకొని ముందటికొచ్చింది.

"నేను, నా కోడలు" అన్నది.