గేదెలు తాగని నీళ్ళు

తుని దగ్గర మా తోటలో చిన్న డెయిరీ పెట్టాలని నేనూ మా బావా చాలాకాలంగా అనుకుంటున్నాం. మాకు నీళ్ళు తక్కువ. భీమవరం అవతల ఒకావిడ తన డెయిరీలో ప్రతి పైపుకీ మీటరు పెట్టి వాడకం బాగా తగ్గించారని విని, చూసి నేర్చుకుందామని మే నెలలో బయలుదేరాను. బావ ఎండ పేరు చెప్పి తప్పించుకున్నాడు.

రాజమండ్రిలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే నిడదవోలు, తణుకు మీదుగా భీమవరం చేరేసరికి ఎండ మండుతోంది. అక్కడి నుంచి షేర్ ఆటోకి నలభై రూపాయలు. వేసవి కదా, కాలవకి నీళ్ళు కట్టేశారు, అడుగున బురద కంపు కొడుతోంది. దారికి రెండువైపులా రొయ్యల చెరువులే.

"డెయిరీకాండి? ఇంకా ఉందాండి అది?" అన్నాడు డ్రైవరు. ఆ మాట నాకు నచ్చలేదు.

డెయిరీ ఉంది. యజమాని సత్యవతి గారు షెడ్డంతా తిప్పి చూపించారు. ముందు పేడంతా పొడిగా ఎత్తేసి, ఆ తర్వాతే పైపు పెట్టి కడుగుతారట. దాంతో కడిగే నీళ్ళు సగానికి తగ్గాయి. గేదెలు తాగే తొట్టి మీటరు చూస్తే, అక్కడ వాడకం సగం కంటే కూడా తగ్గింది. మంచి పొదుపండి అని మెచ్చుకున్నాను.

"పొదుపు కాదండి. అవి తాగట్లేదు" అన్నారావిడ.

చుట్టూ ఉప్పునీటి రొయ్యల చెరువులు వచ్చాక బోరు ఉప్పెక్కింది. కాలవ పారినన్నాళ్ళు ఫర్వాలేదు, కట్టేశాక ఈ బోరే గతి. తవుడు కలిపి పెడితే తేలిన తవుడు నాకి మూతి తీసేసుకుంటున్నాయి. నేనూ దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నాను. ఉమ్మేశాను.

"ట్యాంకరు తెప్పిస్తే?" అన్నాను.

"మనుషులకి సరిపోద్దండి. ఇన్నిటికి ఎక్కడ చాలుద్ది? పాలు కూడా పడిపోయాయండి. రేపు బేరగాళ్ళు వస్తున్నారు, అన్నీ ఇచ్చేస్తున్నా." తర్వాత ఆవిడే అడిగారు. "మీ తోటలో నీళ్ళెలా ఉంటాయండి?"

"తియ్యగానే ఉంటాయండి. కాకపోతే తక్కువ."

"తక్కువైనా ఫర్వాలేదండి. ఓ రెండిటిని మీరు తీసుకెళ్ళండి. డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం."

షెడ్డు ఇంకా కట్టలేదని చెప్పాను. సరేనండి అని ఆవిడ తల తిప్పుకుని దగ్గరున్న గేదె మెడ నిమిరారు.

తిరుగు రైల్లో మనసేం బాగోలేదు. మీటరు చూపించింది నిజమే, నీళ్ళు తగ్గాయి. ఎందుకు తగ్గాయో ఆవిడ చెప్పేదాకా నాకు తట్టనేలేదు. మీరూ ఇలా చూసి రావాలనుకుంటే కాలవలు కట్టేసిన రోజుల్లోనే వెళ్ళండి, తొట్టిలో నీళ్ళు రుచి చూడండి. కాలవ నిండా పారుతున్నప్పుడు వెళితే ఏ ఊళ్ళో చూసినా గేదెలు హాయిగానే కనిపిస్తాయి.