పెడల్ అదిరినప్పుడు

బావ పోయిన నెలకు అక్క నన్నడిగింది. "బ్రేకు పని సెయ్నేదేట్రా?"

శ్రీకాకుళంలో బట్టల దుకాణం మీదే వాళ్ళ ఇల్లు. కింద షట్టరు ఇంకా తెరవలేదు. విశాఖలో సరుకు మాట్లాడుకుని వస్తూ, భోగాపురం దాటాక, వానలో, ఆగి ఉన్న లారీని బావ కొత్త కారుతో వెనకనుంచి గుద్దాడు. పక్క సీట్లో ఉన్న గుమాస్తా చేయి విరిగి బతికాడు. ఆస్పత్రిలో అతను చెప్పిన మాట నేను అక్కకు చేరవేయలేదు. "బ్రేకు తొక్కీసరికి కాలికింద గరగరమన్నాది బాబూ. సావుకారు కాలు తీసీసి, మళ్ళీ తొక్కి, మళ్ళీ తీసీసినారు."

ఆ గరగర ఏమిటో నాకు తెలుసు. ప్రతి చక్రం దగ్గరా దాని వేగాన్ని కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం తిరగడం మాని జారుతుంది. జారే చక్రం స్టీరింగుకు లొంగదు. అలా జరగబోతోందని సెన్సర్ చెప్పగానే యంత్రం ఆ చక్రం మీద బ్రేకు ఒత్తిడిని కాస్త వదిలి, వెంటనే మళ్ళీ పట్టిస్తుంది. సెకనులో ఎన్నోసార్లు. అందుకే పెడల్ అరికాలి కింద కొట్టుకుంటుంది. మనిషి కాలు తీయకుండా అదిమిపట్టి, స్టీరింగు తిప్పుకుంటే చాలు.

బావ నేర్చుకున్నది వేరు. దుకాణం పాత వ్యానులో నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే. "వానలో బ్రేకు మీద నిలబడిపోకు. తట్టి తట్టి ఒదులు" అనేవాడు. ఆ వ్యానుకు అదే సరైన పద్ధతి. ఇప్పుడు యంత్రం చేసే పని అప్పుడు మా కాళ్ళు చేసేవి.

కొత్త కారుకు పూజ చేసిన రోజు, కారుతో వచ్చిన పుస్తకం నేను తిరగేస్తున్నాను. చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నారు.

"బావా, దీనికి తట్టి తట్టి తొక్కకూడదట. బండి జారినప్పుడు..."

"ఒరే బావమరిదీ, గుద్దీముందు పేజీ సూసుకుని తొక్కమంటావేటి?" అన్నాడు. అందరూ నవ్వారు.

అక్క నవ్వలేదు. "నోరుముయ్‌రా. నిమ్మకాయలు తొక్కించే ఏళ జారడాలూ గుద్దడాలూ ఏటి?"

శుభం జరిగేచోట చెడు పలకకూడదని మా ఇంట్లో గట్టి పట్టింపు. పుస్తకం మూసి కారు అరలో పెట్టేశాను. తర్వాత ఎన్నో ఆదివారాలు బావ పక్కన కూర్చుని భోంచేశాను. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు అక్క అడుగుతోంది. బ్రేకు బాగానే ఉందంటే, మరెందుకు ఆగలేదంటుంది. దానికి జవాబు వెతుక్కుంటూ వెళితే ఆ నిమ్మకాయల దగ్గర తను నిలబడి ఉంటుంది. చెప్పడంకన్నా చూపించడం తేలికనుకున్నాను. నా కారులోనూ ఆ ఏర్పాటు ఉంది.

అక్కను పక్కన కూర్చోబెట్టుకుని, నాగావళి అవతల ఖాళీ రోడ్డు మీద, ఇసుక పరుచుకున్న చోట బ్రేకు బలంగా తొక్కాను. పెడల్ అదిరింది, కింద గరగరమంది, కారు ఆగింది.

"ఏటది? ఏదో ఇరిగిపోయినట్టు."

"పనిచేస్తన్నాదన్నమాట. ఇలా అదిరినప్పుడు కాలు తియ్యకూడదు."

అక్క వంగి పెడల్ మీదున్న నా కాలును చూసింది. "ఆయన తీసీసుంటాడు."

అక్క నావైపు తిరిగింది.

"ఆ రోజు నువ్వు సెప్పబోతే నేనే నోరు మూయించినాను. సెప్పనిచ్చుంటే ఇనేవోడేట్రా?"

బావ నలుగురిలో ఏ మాటనైనా నవ్వి కొట్టిపారేసేవాడు. ఒంటరిగా చెబితే వినేవాడు. ఒకసారి మెట్ల మీద కూర్చుని నేను మెల్లగా చెబితే సిగరెట్లు మానేశాడు.

"ఇనేవోడు కాదక్కా. ఆయన సంగతి నీకు తెల్దేటి?" అన్నాను.

"అవున్లే. మొండి మనిషి" అంది. కొంగుతో మొహం తుడుచుకుని ఇంటికి పోదామంది.

ఆ మాట ఆమెకోసమే అన్నాను. కానీ దానితో నేనూ బయటపడ్డాను. లేని మొండితనం పోయినవాడికి అంటగట్టి, కారు వెనక్కి తిప్పాను.