తొమ్మిదో వీధిలో నీళ్ల డ్రమ్ము

మా ట్రక్కులు బెంజ్ సర్కిల్ దాటేసరికి ఉదయం ఆరున్నర. వాన ఆగి రెండు రోజులైంది. పటమట అవతలి పల్లపు కాలనీలో వరద తీసి, గోడల మీద నడుమెత్తున బురద గీత మిగిలింది. నేను సైన్యంలో మెడికల్ హవల్దార్ని. సరిహద్దుల్లో పదేళ్లు చేశాను గానీ, మన తెలుగువాళ్ల వీధుల్లో డ్యూటీ పడటం అదే మొదలు.

డాక్టర్ కెప్టెన్ గారి ఆర్డర్ చిన్నదే. వీధివీధికీ పొగ కొట్టాలి. నిల్వ నీళ్లు కనిపిస్తే పారబోయాలి. పది రోజుల్లో కాలనీలో డెంగీ మాట వినపడకూడదు.

మొదటి రోజు తొమ్మిదో వీధిలో పద్నాలుగు నీళ్ల డ్రమ్ములు ఒరగదోశాం. రెండో రోజు మూడు. మూడో రోజు ఒక్కటీ దొరకలేదు.

"తొమ్మిదో వీధి క్లియర్ సార్," అని రేడియోలో చెప్పాను.

"శభాష్!" అన్నారు కెప్టెన్ గారు.

నాకు మాత్రం నమ్మకం కుదర్లేదు. కుళాయిలు రావడం లేదు. ట్యాంకర్ రెండు రోజులకోసారి వస్తోంది. మరి వీళ్లు ఏ నీళ్లు తాగుతున్నట్టు?

అనుమానం నాగమణి మీద పడింది. ఆమె ఆ కాలనీ ఆశా కార్యకర్త. రోజూ మాకంటే గంట ముందే సంచీ తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగేది. మేం వెళ్లేసరికి తలుపులన్నీ మూసి ఉండేవి. ఆమే ఉప్పందిస్తోందని కెప్టెన్ గారికి చెప్పాను. మేం ఉన్నన్నాళ్లూ కాలనీలోకి రావద్దని ఆమెకు కబురు వెళ్లింది.

ఆరో రోజు పొద్దున్నే నాగమణి మా క్యాంపుకొచ్చింది. సంచీలోంచి పాత చీర ముక్కలు తీసి నా బల్ల మీద పడేసింది.

"నేను దాచమన్లేదండీ. డ్రమ్ము మూతికి గుడ్డ కట్టుకోండి, దోమ దూరదని చెప్పుకొస్తున్నా. మీరు పారబోసేసరికి జనం బెదిరిపోయి డ్రమ్ములు ఇళ్లల్లోకి లాక్కున్నారు. గుడ్డలు కట్టించేలోపు నన్ను ఆపించారు. ఇప్పుడు జ్వరమొచ్చినా మీకు చెప్పట్లేదండీ. చెప్తే మీరొస్తారు, వస్తే నీళ్లు పోతాయి."

"జ్వరం ఎవరికి?"

"తొమ్మిదో వీధిలో ఒక పిల్లకండీ. నాలుగు రోజులైంది. రండి చూపిస్తా. ఆ యూనిఫాం మాత్రం మార్చుకుని రండి."

నాకు పౌరుషమొచ్చింది. యూనిఫాంలోనే వెళ్లాను.

ఒకటే గది. మంచం మీద ఎనిమిదేళ్ల పిల్ల, ఒళ్లు కాలిపోతోంది. మంచాన్ని ఆనుకుని డ్రమ్ము, మూత లేదు. నీళ్లలో దోమ పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. నేను 'క్లియర్' అన్న వీధి అదే. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లను చేతుల మీద ఎత్తుకుని అంబులెన్సు దాకా పరుగెత్తాను.

పిల్ల కోలుకుంది. నాగమణిని మళ్లీ రప్పించారు. మిగిలిన నాలుగు రోజులూ మామూలు చొక్కాతో ఆమె వెనకాలే తిరిగి గుడ్డలు కట్టాను. డ్రమ్ములు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. పదో రోజు మా ట్రక్కులు వెనక్కి తిరిగాయి.

రిటైరై ఇంటికొచ్చాక అందరూ మంచు గురించీ తుపాకుల గురించీ అడుగుతుంటారు. అవేవీ నా నిద్ర చెడగొట్టలేదు. తొమ్మిదో వీధిలో ఆ ఇంటి గుమ్మంలో నేను అడుగు పెట్టినప్పుడు తల్లి పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది. నా యూనిఫాం చూసింది. పిల్లను వదిలేసి, రెండు చేతులతో డ్రమ్మును వాటేసుకుంది.