మర్యాదకి వద్దన్న పని

కోట్లు కుట్టే ఆ దుకాణంలో మన దర్జీ ఆవిడ కాజాల దగ్గర మొదలుపెట్టి, భుజాలు కూర్చడం దాకా ఎదిగింది. దేశం పరాయిది, భాష పరాయిది. అయితేనేం, ఆవిడ చేతి కోటు తొడుక్కున్నవాడు సరిచెయ్యమని మళ్ళీ గుమ్మం తొక్కలేదు. అందుకే కటింగ్ మాస్టరు పని మానేస్తున్నాడనగానే ఓనరమ్మ నేరుగా ఈవిడ మిషను దగ్గరకే వచ్చింది.

"మాస్టరు పని నువ్వు తీసుకుంటావా?"

ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట! ఆవిడ మనసు గంతులేసింది. నోరు మాత్రం పెంపకాన్ని మరిచిపోలేదు.

"అయ్యో, నాకెందుకు లెండి! ఇంతమంది ఉన్నారుగా."

"సరే, నీ ఇష్టం," అని ఓనరమ్మ వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయిందంటే నిజంగానే వెళ్ళిపోయింది! మనవాళ్ళయితే "భలేదానివే, నువ్వు కాకపోతే ఇంకెవరు?" అని మళ్ళీ అడగరూ? "మీరింతగా చెబుతుంటే కాదంటానా" అని ఈవిడ ఒప్పుకోదూ? సాయంత్రం దాకా ఆ రెండో పిలుపు కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. పిలుపు రాలేదు సరికదా, రేపు పక్క మిషను అతన్ని అడుగుతారని తెలిసింది. అతను కుట్టిన కాలర్లు విప్పి మళ్ళీ కుట్టేది ఎవరనుకున్నారు? ఈవిడే!

ఇంట్లో సంగతి విని మొగుడు తల పట్టుకున్నాడు.

"బతిమాలి కూర్చోబెట్టడానికి అదేమన్నా పెళ్ళి పంక్తా? ఇక్కడ వద్దంటే వద్దనే. పొద్దున్నే వెళ్ళి కావాలని అడుగు."

"నా గొప్పలు నేనే చెప్పుకోవాలా? సిగ్గులేకపోతే సరి!"

"అయితే ఆ పక్క మిషనాయన కత్తిరించినవి కుడుతూ కూర్చో."

ఆ మాట చురుక్కుమంది.

మర్నాడు ఆవిడ వెళ్ళి గుండీల డబ్బాల మధ్య కూర్చున్న ఓనరమ్మ ముందు నిలబడింది.

"నిన్న మర్యాదకి వద్దన్నానండీ. ఆ పని నాకు కావాలి."

ఓనరమ్మ కళ్ళద్దాలు తీసింది. "నీకే ఎందుకివ్వాలి?"

ఎవరైనా మెచ్చుకుంటేనే తల దించుకునే మనిషి! చెవులు వేడెక్కాయి, అయినా అనేసింది.

"ఇక్కడ నాకంటే బాగా చేసేవాళ్ళు లేరు కాబట్టి."

"అది నాకెప్పుడో తెలుసు. నీకే తెలీదేమో అనుకున్నాను," అని నవ్వి, ఓనరమ్మ మాస్టరు కత్తెర ఆవిడ చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం మొగుడు చెప్పులు కూడా విడవనివ్వలేదు. "ఇంతకీ ఏమన్నావే?"

"నాకంటే బాగా చేసేవాళ్ళు లేరు" అన్న మాటే ఆవిడ మళ్ళీ అంది. ఈసారి పక్కింటివాళ్ళకి కూడా వినపడేలా అంది.